పైవేవీ కావు తరహా పునాది

రేవులపాడు మిరప యార్డుకు కార్తీక మాసంలో నాలుగు లారీల మీద ఒక ఇనుప షెడ్డు వచ్చి దిగింది. స్తంభాలు, దూలాలు, పైకప్పు రేకులు, గోనెసంచుల నిండా బోల్టులు. అన్నిటికీ అంకెలు వేసి కట్టలు కట్టి ఉన్నాయి. అంకె చూసుకుని అంకెకు బిగించుకుంటూ పోతే ఇరవై రోజుల్లో లేచి నిలబడుతుందని కంపెనీ మనిషి చెప్పాడు. పునాది ఒక్కటి మాత్రం మీరు వేసుకోవాలని చెప్పి అదే లారీలో వెళ్ళిపోయాడు. ఆ పునాది ఎలాంటిదై ఉండాలో యార్డు మొత్తం మీద ఒక్కరికి తెలుసు. చిక్కంతా అక్కడే వచ్చింది.

ఆ ఒక్కరి పేరు దార్ల సువార్త. యార్డుకు అసిస్టెంట్ ఇంజనీరు. వాళ్ళ నాన్న బావులు తవ్వే మేస్త్రి కావడం వల్ల కాలేజీకి వెళ్ళకముందే ఆమెకు మట్టి చేతిలోకి తీసుకుని నలిపి చూసే అలవాటుండేది. కాలేజీ ఆ అలవాటుకు కొన్ని లెక్కలు చేర్చింది, అంతే.

షెడ్డు ఎందుకు వచ్చిందో ఊళ్ళో ఎవర్నడిగినా చెబుతారు. కిందటేడు వైశాఖంలో అకాల వర్షం కొట్టి, ఆరుబయట పేర్చి ఉన్న మిరప బస్తాలు, యార్డు భాషలో టిక్కీలు, అన్నీ నానిపోయాయి. ఎర్రగా నిగనిగలాడుతూ వచ్చిన కాయ నాలుగు రోజుల్లో మచ్చలుపడి తాలుగా మారింది. చింతల కోటిలింగం అనే అరవై ఏళ్ళ రైతు తన తొంభై టిక్కీల పక్కన గొడుగు వేసుకుని కూర్చున్నాడు. గొడుగు తనకు కాదు, పైనున్న రెండు టిక్కీలకు పట్టాడు. ఆ ఫోటో పేపర్లో పడింది. పడినందువల్ల షెడ్డు మంజూరైంది. మళ్ళీ వైశాఖం లోపల అది లేవాలి.

షెడ్డు దిగిన మర్నాడే సువార్త యార్డులో మూడు చోట్ల గోతులు తవ్వించింది. పైనంతా నల్లరేగడి. వానకు ఉబ్బి, ఎండకు చెయ్యి దూరేంత నెర్రెలిచ్చే నేల. పన్నెండు అడుగులు దిగాక గడ్డపార ఖంగుమంది. అక్కడ గట్టి గ్రావెల్. ఆమె సాయంత్రానికల్లా ఒకటిన్నర పేజీల రిపోర్టు రాసి, యార్డు కార్యదర్శి పరబ్రహ్మం గారి బల్ల మీద పెట్టింది. గట్టినేల దాకా నిలువుగా గుంతలు తొలిచి, అడుగున కాస్త వెడల్పు చేసి, ఇనుప చట్రం దింపి కాంక్రీటు పోయాలి. వాటిని పైల్స్ అంటారు. అవి తప్ప ఈ నేలలో ఇంకేవీ పనికిరావు.

పరబ్రహ్మం గారు చదివారు. ఆయన ఏ కాగితాన్నైనా రెండుసార్లు చదువుతారు. మొదటిసారి అందులో ఏముందో చూస్తారు, రెండోసారి అది తన మీదికి ఎలా రాగలదో చూస్తారు.

"షెడ్డు బరువు తక్కువని నువ్వే రాశావు. బరువు తక్కువైనదానికి ఇంత లోతెందుకమ్మా?"

"తేలిక కాబట్టే సర్. ఈదురుగాలి వస్తే గొడుగు లేచినట్టు లేస్తుంది. ఇనుప షెడ్డు కిందికి కుంగకుండా చూసుకోవడం సగం పనే. పైకి పోకుండా పట్టుకోవడం మిగతా సగం."

పరబ్రహ్మం గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ముప్ఫై రెండేళ్ళ సర్వీసులో కట్టడాలు కింద పడటం చూశాను. పైకి పోవడం చూడలేదు. పోతే దాన్ని ఏ రిజిస్టర్లో రాయాలో కూడా మనకు ఉత్తర్వులు లేవు."

అయినా సంతకం పెట్టడానికి పెన్ను తీశారు. తీసినవారు రిపోర్టు శీర్షిక దగ్గర ఆగిపోయారు. ఆ శీర్షిక 'పునాది రకం ఎంపిక'.

"ఎంపిక అని రాశావా?"

"అవును సర్."

"అయ్యయ్యో," అన్నారు పరబ్రహ్మం గారు. పెన్నుకు మూత పెట్టి, సొరుగులోంచి ఒక సర్క్యులర్ తీశారు.

దాని పేరు భాగస్వామ్య నిర్ణయ మార్గదర్శకాలు. వచ్చి రెండు నెలలైంది. ఎక్కడో ఒక యార్డులో మరుగుదొడ్లకు ఏ రంగు వేయాలని రైతుల్ని అడిగితే, తొంభై ఆరు శాతం మంది లేత నీలం అన్నారట. వేశాక అందరూ సంతోషించారట. అందుమీద ప్రధాన కార్యాలయం ఉప్పొంగిపోయి, ఇకమీదట ఒకటికి మించి ప్రత్యామ్నాయాలున్న ప్రతి ఎంపికనూ లబ్ధిదారుల ఓటుకు పెట్టాలని ఉత్తర్విచ్చింది.

"అది రంగుకు సర్. ఇది పునాది."

"సర్క్యులర్‌లో రంగు అని ఎక్కడా లేదమ్మా. ప్రతి ఎంపిక అని ఉంది. నువ్వు 'పునాది' అని ఒక్క ముక్క రాసి ఊరుకుని ఉంటే ఈపాటికి సంతకమైపోయేది. ఎంపిక అన్నావు. పునాదులు ఒకటికి మించి ఉన్నాయా, లేవా?"

"ఉన్నాయి సర్. విడివిడిగా ప్రతి స్తంభం కిందా వేసే పాదాలుంటాయి. షెడ్డంతటి కిందా ఒకే పలకగా పోసే రాఫ్టు ఉంటుంది. పైల్స్ ఉంటాయి. కానీ ఇక్కడ..."

"మూడు," అని పరబ్రహ్మం గారు సర్క్యులర్ అంచున రాసుకున్నారు. "తదుపరి ఆదేశముల నిమిత్తం పైకి పంపుతున్నాను."

పైనుంచి ఆదేశాలు రాలేదు. ఉపసంచాలకులు వైకుంఠరావు గారే స్వయంగా వచ్చారు. సర్క్యులర్ రాసింది ఆయనే. రంగుల విజయం తర్వాత ఇంతవరకూ ఏ యార్డూ ఆయనకు ఒక గట్టి ఎంపిక పంపలేదు. తూకం గది మెట్లెక్కి నిలబడి, చుట్టూ ఉన్న నలుగురు ఉద్యోగులను సభగా భావించి మాట్లాడారు.

"నిపుణులు చెబితే కట్టడం నిలబడుతుంది. ప్రజలు చెబితే ఆ కట్టడం ప్రజలదవుతుంది. మనకు ఏది ముఖ్యం?"

"నిలబడటం సర్," అంది సువార్త.

వైకుంఠరావు గారు కరుణతో నవ్వారు. "కొత్తగా చేరారా?"

"ఆరేళ్ళయింది సర్. నల్లరేగడి నేల సర్ ఇది. మనం దేన్ని ఎన్నుకున్నా అది ఒప్పుకోదు. దానికి తగ్గది వేస్తేనే ఊరుకుంటుంది."

"కార్యదర్శి గారూ, నేల లబ్ధిదారుల జాబితాలో ఉందా?"

పరబ్రహ్మం గారు జాబితా తిప్పి చూశారు. పద్నాలుగు వందల ముప్ఫై పేర్లున్నాయి. రైతులు, కమిషన్ వ్యాపారులు, హమాలీలు. "లేదు సర్."

"ఉండి ఉంటే దానికీ ఒక ఓటు ఇచ్చేవాళ్ళం. మన విధానంలో వివక్షకు తావు లేదు."

మాఘమాసంలో ఎన్నిక అని ప్రకటించారు. ప్రతి పునాదికీ ఒక గుర్తు కేటాయించారు. పాదాలకు పీట, రాఫ్టుకు చాప, పైల్స్‌కు మేకు. మార్గదర్శకాల తొమ్మిదో నిబంధన ప్రకారం అడుగున 'పైవేవీ కావు' అన్న గడి కూడా అచ్చువేశారు. గుర్తులు సమాన పరిమాణంలో ఉన్నాయో లేదో పరబ్రహ్మం గారు స్కేలు పెట్టి కొలిచి, మేకు పీట కంటే పొడుగ్గా ఉందని దాన్ని కొంత కత్తిరించారు. అందువల్ల అది చూసేవాళ్ళకు పుట్టగొడుగులా కనిపించింది.

ఆ తర్వాత నియమావళి అమల్లోకి వచ్చింది. సువార్త రాసిన రిపోర్టు ఒక అభ్యర్థి తరఫున సాగిన ప్రచారమని తేలింది. దాన్ని కవరులో పెట్టి, లక్క ముద్ర వేసి, బీరువాలో పెట్టారు. ఆమె తవ్వించిన గోతులు కూడా ఓటర్లను ప్రభావితం చేసేలా ఉన్నాయని ఎవరో ఫిర్యాదు చేశారు. లోపలికి తొంగిచూసినవాడెవడికైనా పైన నల్లమట్టి, అడుగున గట్టినేల కనిపిస్తున్నాయి. అది ప్రలోభమే కదా. మూడు గోతుల మీదా టార్పాలిన్లు కప్పి, అంచుల మీద రాళ్ళు పెట్టారు.

"ఎన్నిక అయ్యేదాకా ఏ పునాది మంచిదో, ఏది కాదో మీరు బహిరంగంగా గానీ, సైగల ద్వారా గానీ వెల్లడించరాదు," అని సువార్తకు మెమో ఇచ్చారు. ఆమె సంతకం చేసి తీసుకుంది. వాళ్ళ నాన్న ఒక్క అక్షరం రాకుండానే ఏ చేనులో ఎంత లోతున ఏముందో చెప్పేవాడు. చెబితే జనం వినేవారు. తాను పదహారేళ్ళు చదివి, చెప్పకూడదని రసీదు ఇచ్చింది.

చెప్పాల్సినవాళ్ళ నోరు కట్టేశాక ప్రచారం ఊపందుకుంది. తాపీ మేస్త్రీలంతా పీటకు నిలబడ్డారు, వాళ్ళకు చేతనైన పని అదొక్కటే కాబట్టి. హమాలీల సంఘం చాపకు మద్దతు ప్రకటించింది. చాపంటే నేలంతా నున్నగా కాంక్రీటు ఉంటుందని, మధ్యాహ్నం కాసేపు నడుం వాల్చుకోవచ్చని వాళ్ళ లెక్క. మేకుకు మాత్రం ఎవరూ లేరు. పైగా మేకులు దింపితే చుట్టుపక్కల బోర్లన్నీ ఎండిపోతాయని ఒక వదంతి లేచింది. అది నిజమేనా అని ఓ పదిమంది సువార్త దగ్గరికే వచ్చి అడిగారు. ఆమె తల అడ్డంగా ఊపబోయి, సైగ కిందికి వస్తుందని గుర్తొచ్చి మెడ బిగబట్టింది. ఇంజనీరమ్మ కూడా కాదనలేదని ఊరంతా చెప్పుకున్నారు.

ఎన్నికకు రెండు రోజుల ముందు చింతల కోటిలింగం ఆమె గదికి వచ్చాడు. తలపాగా విప్పి మొహం తుడుచుకుని, బెంచీ మీద కూర్చున్నాడు.

"అమ్మాయ్, దేనికెయ్యాల?"

"నేను చెప్పకూడదండీ."

"నీకు తెలుసా, తెలవదా?"

"తెలుసండీ."

"అంటే తెలిసినోళ్ళు చెప్పకూడదు, తెలవనోళ్ళం ఓటెయ్యాల. అంతేనా?"

సువార్త కిటికీ వైపు చూసింది. బయట ఇనుప దూలాలు మూడు నెలలుగా ఎండకు ఎండుతున్నాయి. అంకెలు అప్పుడే వెలిసిపోతున్నాయి.

"నాకు కల్లంలో నూట పది టిక్కీల కాయ ఉందమ్మాయ్. మీరు మమ్మల్ని పీటలేసుక్కూచోమంటారు, చాపలేసుకు పడుకోమంటారు. ఇనుం అట్టనే పడుంది. నేనొకటి చెప్తన్నా, విను. ఏదీ వద్దని కొట్టిపారేస్తాం. అప్పుడన్నా ఈ నాటకం ఆగుద్ది, మీరు చేసే పనేందో మీరు చేత్తారు."

"కోటిలింగం గారూ, అలా చేయకండి," అని సువార్త గబుక్కున లేచింది. అప్పటికే గుమ్మంలో పరబ్రహ్మం గారు నిలబడి ఉన్నారు.

"ఓటరుతో ఏం మాట్లాడుతున్నావమ్మా?"

ఆమె మళ్ళీ కూర్చుంది.

కోటిలింగం మాట మీద ఊళ్ళో గురి ఉంది. ఓట్లు లెక్కపెడితే చాపకు రెండు వందల తొంభై, పీటకు మూడు వందల పది, మేకుకు పద్నాలుగు వచ్చాయి. పైవేవీ కావు అన్న గడికి ఏడు వందల అరవై రెండు. తూకం గది ముందు రైతులు తువ్వాళ్ళు ఎగరేశారు. ఎన్నిక రద్దవుతుందని, రేపట్నించి పని మొదలవుతుందని అందరూ అనుకున్నారు. సువార్త కూడా ఒక నిమిషం పాటు అలాగే అనుకుంది. తర్వాత ఆమె పదకొండో నిబంధన తీసి చదువుకుంది. అత్యధిక ఓట్లు పొందిన ప్రత్యామ్నాయాన్ని యథాతథంగా అమలుచేయవలెను.

వైకుంఠరావు గారు మైకు తీసుకున్నారు. ఆయన కళ్ళు చెమర్చాయి.

"శాఖ మూడు పునాదులు ప్రతిపాదించింది. మూడింటినీ మీరు తిరస్కరించారు. ఇంజనీర్ల ఊహకు అందని నాలుగో పునాదిని ఎన్నుకున్నారు. రేవులపాడు రైతాంగం తన షెడ్డుకు 'పైవేవీ కావు' తరహా పునాదిని బ్రహ్మాండమైన మెజారిటీతో గెలిపించుకుంది!"

జనం చప్పట్లు సగంలో ఆపేశారు.

"అదేం రకమయ్యా?" అని కోటిలింగం ముందువరుసలోంచి అడిగాడు.

"ఆ వివరాలు అసిస్టెంట్ ఇంజనీరు గారు సమర్పిస్తారు," అన్నారు వైకుంఠరావు గారు.

మర్నాడు ఉత్తర్వు వచ్చింది. పైవేవీ కావు తరహా పునాదికి సంబంధించిన డ్రాయింగు ఏడు రోజుల్లోగా సమర్పించాలి. లేనిపక్షంలో సదరు షెడ్డును, ప్రజా తీర్పును గౌరవించగల మరొక యార్డుకు తరలిస్తారు. ఆ మరో యార్డు పేరు కూడా వేశారు. అక్కడ పండేది జొన్న. షెడ్లు అప్పటికే రెండున్నాయి.

సువార్త మూడు రోజులు బల్ల ముందు కూర్చుంది. తెల్లకాగితం తెల్లగానే ఉంది. పాదం కానిది, రాఫ్టు కానిది, పైల్ కానిది ఏదని పుస్తకాలన్నీ తిరగేసింది. సెలవు చీటీ ఒకటి రాసింది, చింపింది. రాజీనామా ఒకటి రాసింది, దాన్ని చింపకుండా మడిచి సంచీలో పెట్టుకుంది. నాలుగో రోజు పొద్దున యార్డులోకి వెళ్ళి, ఒక గొయ్యి మీది టార్పాలిన్ లాగేసి గట్టు మీద కూర్చుంది. ఎన్నిక అయిపోయింది కాబట్టి గొయ్యి చూడటం నేరం కాదు.

కోటిలింగం వచ్చి, కాస్త దూరంగా గొంతుకూర్చున్నాడు.

"నా మూలానే వచ్చింది ఇదంతా," అన్నాడు. "ఆపుదామనుకున్నా. ఈళ్ళు వద్దన్నదాన్ని కూడా గెలిపిస్తారని నాకేం తెలుసు?"

"మీ తప్పేం లేదండీ."

"ఇప్పుడన్నా చెప్పు. ఏది వెయ్యాల్సింది?"

"మేకు," అంది సువార్త.

"ఓరి నాయనో," అని కోటిలింగం నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. గొయ్యిలోకి తొంగిచూశాడు. నల్లమట్టి అయిపోయేచోటు, గ్రావెల్ మొదలయ్యేచోటు రెండూ చూశాడు. అతనికి ఎవరూ విడమరిచి చెప్పాల్సిన పని పడలేదు. "అవును మరి. పైనున్నదాన్ని నమ్మితే నట్టేట ముంచుద్ది. కిందికి పోయి పట్టుకోవాల. ఈ గోతుల మీదేనా పట్టాలు కప్పింది?"

ఆమె తలూపింది.

కోటిలింగం చాలాసేపు మట్టిబెడ్డ ఒకటి చేత్తో చిదుపుతూ కూర్చున్నాడు. "మా విత్తనాల కొట్టాయన ఉన్నాడు చూడూ. నిరుడు ఒక రకం ఇచ్చాడు. కాయలేదు. ఈ ఏడు పోయి మంచిది ఇయ్యవయ్యా అంటే, సంచీ మీద కొత్త పేరుతో తెచ్చిచ్చాడు. లోపల గింజ అదే. నేను గింజ చూసి పట్టుకున్నా. మీ ఆఫీసరు గింజ చూత్తాడా, సంచీ చూత్తాడా?"

సువార్త అతని మొహంలోకి చూసింది. తర్వాత లేచి, చీర కుచ్చిళ్ళకు అంటిన మట్టి కూడా దులుపుకోకుండా గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది.

సాయంత్రానికి డ్రాయింగు తయారైంది. 'పైవేవీ కావు తరహా పునాది, రేవులపాడు నమూనా' అని పైన పెద్దక్షరాలు. కింద ఇరవై నాలుగు నిలువు గుంతలు, ఒక్కొక్కటి పన్నెండున్నర అడుగులు, అడుగున కుండలా వెడల్పు. పైల్ అన్న మాట ఎక్కడా లేదు. ఎంపిక అన్న మాట అసలే లేదు.

పరబ్రహ్మం గారు గెలవని గుర్తులు మూడూ పక్కన పెట్టుకుని పరిశీలనకు కూర్చున్నారు.

"ఇది పీట కాదు కదా?"

"కాదండీ. పీటకు కాళ్ళు పొట్టి."

"చాప?"

"చాప పరుచుకుని ఉంటుంది. ఇది నిలబడి ఉంది."

"మరి మేకు?" అన్నారు పరబ్రహ్మం గారు. ఇక్కడ ఆయన గొంతు కొంచెం సన్నబడింది. "కొంత పోలిక కనబడుతోందమ్మా."

సువార్త డ్రాయింగు అడుగున వేలు పెట్టి చూపించింది. "మేకుకు అడుగున మొన ఉంటుంది సర్. దీనికి అడుగున కుండ ఉంది."

పరబ్రహ్మం గారు బ్యాలెట్ కాగితాన్ని దగ్గరగా పెట్టుకుని చూశారు. కత్తిరించిన మేకులో కుండ ఎక్కడా లేదు. "అవునవును. కుండ ఉన్న మేకును ఎవడు కొడతాడు? ఎక్కడా కొట్టలేరు." సంతకం పెట్టారు.

వైకుంఠరావు గారు ఫోన్లో పరవశించిపోయారు. "చూశారా? ఇంత గొప్ప పునాది ఇన్నాళ్ళూ ఉంది. ప్రజలు అడిగేదాకా మీరెవ్వరూ బయటపెట్టలేదు!"

ఫాల్గుణంలో గుంతలు తొలిచారు. ఇనుప చట్రాలు దింపి కాంక్రీటు పోశారు. పైన బోల్టులు బిగించేటప్పుడు సువార్త ప్రతి బోల్టు దగ్గరా నిలబడి, చేత్తో పట్టి ఊపి చూసింది. మేస్త్రీలు మొదట్లో గొణిగారు గానీ, అడుగున కుండ చేసే విద్య వచ్చేసరికి వాళ్ళకూ హుషారొచ్చింది. చైత్రం చివరికి షెడ్డు లేచింది. కంపెనీ మనిషి చెప్పిన ఇరవై రోజులే పట్టింది. అంకెలు వెలిసిన చోట మాత్రం రెండు దూలాలు తారుమారై, ఒకరోజు దించి మళ్ళీ ఎక్కించాల్సి వచ్చింది.

వైశాఖం రెండో వారంలో, మధ్యాహ్నం మూడింటికి, పడమటి వైపు ఆకాశం ఇటుకరంగుకు తిరిగింది. ముందు దుమ్ము, దాని వెనక గాలి. బస్టాండు మీది రేకులు లేచి చెరువుకట్ట అవతల పడ్డాయి. సువార్త ఆఫీసులోంచి పరుగెత్తుకొచ్చేసరికి షెడ్డు కింద మూడు వేల టిక్కీలున్నాయి, మూడొందల మంది జనం ఉన్నారు. తాను చేసిన లెక్క కింద ఇంతమంది నిలబడటం ఆమె అంతకుముందెప్పుడూ చూడలేదు. లోపలికి వెళ్ళి, పడమటి వరసలో మొదటి స్తంభానికి అరచెయ్యి ఆనించి నిలబడింది. పైన రేకులు మోగిపోతున్నాయి. స్తంభం సన్నగా జలదరిస్తోంది. కింద మాత్రం కదలిక లేదు. గాలి షెడ్డును ఎత్తాలని మూడు నాలుగు సార్లు గట్టిగా లాగి చూసి, విసిగి వేరే దిక్కుకు పోయింది. అప్పుడు వాన మొదలైంది.

కోటిలింగం తన టిక్కీల మీద కాలుమీద కాలేసుకుని కూర్చుని ఉన్నాడు. గొంతు తగ్గించి, "అడుగున ఉన్నది మేకేగా?" అన్నాడు.

"మేకేనండీ."

"పద్నాలుగు ఓట్లొచ్చిన మేకు." అతను రెండు చేతులూ చాచి వాననీళ్ళు పట్టి మొహం కడుక్కున్నాడు. "ఎవరికీ చెప్పన్లే అమ్మాయ్. డిపాజిట్ పోయినోడు మనల్ని కాపాడాడంటే మావాళ్ళకి నామోషీ."

సువార్త పగలబడి నవ్వింది. కార్తీకం నుంచి ఆమె అలా నవ్వడం అదే మొదటిసారి. భుజానున్న సంచీలోంచి మడిచిన రాజీనామా కాగితం తీసి, షెడ్డు అంచున కారుతున్న నీళ్ళలో వదిలేసింది.

కథ అక్కడితో అయిపోవాల్సింది. కానీ గాలికి నిలిచిన షెడ్డు ఫోటో కూడా పేపర్లో పడింది. వారం తిరక్కుండా కొత్త సర్క్యులర్ వచ్చింది. పైవేవీ కావు తరహా పునాది సర్వోత్తమమని ప్రకృతే ధ్రువీకరించినందున, ఇకమీదట అన్ని యార్డుల్లోనూ, అన్ని కట్టడాలకూ ఆ ఒక్క రకమే వేయాలి. ఒకటికి మించి ప్రత్యామ్నాయాలు లేవు గనుక ఎన్నికలతో పనిలేదు.

సువార్త వైకుంఠరావు గారికి ఫోన్ చేసింది. ఈసారి ఆమె సూటిగానే చెప్పబోయింది. "సర్, అది మా నల్లరేగడికి సరిపోయింది. ప్రతిచోటా నేల ఒకేలా ఉండదు. మట్టి చూసి ఏది సరిపోతుందో..."

"మళ్ళీ మట్టి దగ్గరికి వెళ్తున్నారు," అన్నారాయన నొచ్చుకుని. "తరహా ఖరారైపోయాక మట్టి ప్రసక్తి ఎందుకు?"

జ్యేష్ఠంలో రఫీ అనే ఇంజనీరు ఫోన్ చేశాడు. గుట్ట పక్కన ఉండే యార్డు అతనిది. "మేడమ్, మాకు అడుగు లోతున బండ. ఒకే బండ, ఊరి చివరిదాకా. పన్నెండడుగులు తొలిచి అడుగున కుండ చేయమని సర్క్యులర్ వచ్చింది. డైనమైట్ పెట్టాలా?"

"నీకు అక్కడ ఏం కావాలో నీకు తెలుసా రఫీ?"

"తెలుసు మేడమ్. చిన్న పాదాలు పోసి, బండలోకి కన్నాలేసి బోల్టులు దింపితే చాలు. అంతకంటే గట్టి నేల ఎక్కడుంది?"

సువార్త తన డ్రాయింగు శీర్షిక మరోసారి చూసుకుంది. "డ్రాయింగు మీద 'పైవేవీ కావు, రెండో నమూనా' అని రాయి."

రఫీ రాశాడు. సంతకమై వచ్చింది. సముద్రపు ఒడ్డున ఇసకలో ఉన్న యార్డుకు మూడో నమూనా వెళ్ళింది, అది రాఫ్టు. కాలవ పక్కన బురదనేలకు నాలుగోది. దసరా నాటికి పదకొండు నమూనాలయ్యాయి. కాలేజీ పుస్తకంలో ఉన్న రకాలన్నీ కొత్త సంచుల్లో వచ్చేశాయి. ఇంజనీర్లు ఒకరికొకరు ఫోన్లు చేసుకుని మట్టి సంగతి మాట్లాడుకుని, తర్వాత నమూనా అంకె వేసుకున్నారు. ఏ కట్టడమూ కుంగలేదు, ఏదీ పైకి పోలేదు.

ఆ ఏడాది చివర్లో జరిగిన సమావేశంలో వైకుంఠరావు గారికి శాలువా కప్పారు. రాష్ట్రమంతటా ఒకే పునాది అని, ఇలాంటి ఏకరూపత ఇంకెక్కడా లేదని ఆయన గంటసేపు మాట్లాడారు. సువార్త వెనకవరసలో కూర్చుంది. ఆమె పక్కన అప్పుడే ఉద్యోగంలో చేరిన ఒక ఇంజనీరు శ్రద్ధగా రాసుకుంటోంది. రాసుకుంటున్నది ఆగి, మెల్లగా వంగి అడిగింది.

"మేడమ్, ఒకటే రకమంటున్నారు. పదకొండు అంకెలున్నాయి. మా యార్డుకు ఏ అంకె వేయాలో ఎలా తెలుస్తుంది?"

సువార్త వేదిక వైపే చూస్తూ, పెదవులు పెద్దగా కదపకుండా చెప్పింది.

"ముందు గొయ్యి తవ్వించి మట్టి చూడు. చూశావని మాత్రం రిపోర్టులో రాయకు."